ఉయ్యాల బొమ్మకు చివరి రీలు

హౌరాకు గంగ ఇవతల ఖిదిర్‌పూర్‌లో, రేవు కూలీల ఇళ్ళుండే డాక్ లైన్లలో పెరిగిన తెలుగు ఆడవాళ్ళలో ఎవరినైనా సరే, ఒక పాత సినిమా కథ చెప్పమనండి. అందరూ పొల్లుపోకుండా ఒకేలా చెబుతారు. అందరూ తప్పే చెబుతారు. చాలాకాలం నేనూ అలాగే చెప్పి నలుగురిలో నవ్వులపాలయ్యాను. దీనంతటికీ కారణం ఒకే ఒక్క మనిషి, చంద్రిమ సినిమా హాలు ఆపరేటరు గోవిందరాజు. ఆయన మీద నాకున్న కోపం ఈ మధ్యే తీరింది. తీరింది కాబట్టి రాస్తున్నాను, లేకపోతే ఆయన పేరు ఎత్తేదాన్ని కాదు.

గోవిందరాజుది టెక్కలి దగ్గర ఒక పల్లె. తండ్రి ఇక్కడ రేవులో బస్తాలు మోసేవాడు. కొడుకు వీపు కూడా అందుకు పనికొస్తుందని పిలిపించుకున్నాడు. కొడుకు కొన్నాళ్ళు మోశాడు. ఒక మండుటెండ పూట నీడ కోసం చంద్రిమలో దూరి మ్యాట్నీ చూశాడు, ఆ తర్వాత రేవు మొహం చూడలేదు. రీళ్ళు చుట్టే పనిలో కుదిరి, పాత ఆపరేటరుకు చూపు మందగించాక ఆ స్టూలు ఎక్కాడు. సన్నటి మనిషి. ఎవరో పిలుస్తున్నట్టు ఎప్పుడూ తల ఒక పక్కకు వంచి ఉండేవాడు. అది మెషీను చప్పుడు వినే అలవాటు. పెళ్ళిఫొటోలో కూడా అలాగే ఉన్నాడు.

చంద్రిమ గొప్ప హాలేమీ కాదు. యజమాని దత్తబాబు వాళ్ళ నాన్న జనపనార గోదామును హాలుగా మార్చాడు. అందుకని వానాకాలం లోపల తడి గోనెసంచి వాసన వచ్చేది. వారమంతా హిందీ, బెంగాలీ సినిమాలు ఆడేవి, ఆదివారం పొద్దున్న మాత్రం తెలుగు. ఆ పూట శ్రీకాకుళం, విజయనగరం నుంచి రేవు పనికి వచ్చిన కుటుంబాలన్నీ అక్కడే ఉండేవి. గంగ అవతల టికియాపారా నుంచి రైల్వేవాళ్ళు కూడా పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవారు. ఎడమవైపు బెంచీలు ఆడవాళ్ళవి. వాటికి వేరే గేటు, ఆ గేటు దగ్గర ఒక పీట, ఆ పీట మీద గోవిందరాజు భార్య నారాయణమ్మ. టిక్కెట్లు చింపడం ఆవిడ పని. ఎవరి కోడలు ఎవరి అత్త పక్కన కూర్చోకూడదో చూసుకోవడం కూడా ఆవిడే పెట్టుకుంది.

తెలుగు ప్రింటు ఖరగ్‌పూర్ నుంచి వచ్చేది. అక్కడ తెలుగువాళ్ళు మాకన్నా ఎక్కువ, సినిమా పిచ్చి కూడా ఎక్కువ. రీళ్ళ పెట్టెలు వాళ్ళ శనివారం ఆటలు అయ్యాక లోకల్ ఎక్కి హౌరాలో దిగేవి. ఆదివారం మా ఆట అవగానే మళ్ళీ బండెక్కి వాళ్ళ సాయంత్రం ఆటకు అందుకోవాలి. బండి తప్పితే ఖరగ్‌పూర్‌లో కుర్చీలు విరుగుతాయి. అందుకని ఆట కాస్త ఆలస్యంగా మొదలైన రోజున చంద్రిమలో చివరి రీలు చూపించకుండానే పెట్టె కట్టేసేవారు. జనం కూడా పెద్దగా పట్టించుకునేవారు కాదు. చివరి రీలులో ఉంటే ఫైటింగు ఉంటుంది, లేకపోతే పెళ్ళి ఉంటుంది, రెండూ చూడనివి కావు అని సరిపెట్టుకునేవారు.

అలా ఒక ఆదివారం మావాళ్ళు 'ఉయ్యాల బొమ్మ' అని పిలుచుకునే సినిమా వచ్చింది. బొమ్మ అంటే మా వైపు సినిమా. దానికి అసలు పేరు వేరే ఉంది, అది రాయను. తీసినవాళ్ళ తాలూకు ఎవరైనా చదివితే బాధపడతారు. నలుపు తెలుపు సినిమా. ఒక కోడలు, ఆవిడ మీద ఒక నింద. నిండు గర్భిణిని వానలో ఇంట్లోంచి గెంటేస్తారు. ఆవిడ రాళ్ళు కొడుతుంది, పాముకాటు తప్పించుకుంటుంది, పొంగే ఏరు దాటుతుంది, చివరికి పాడుబడిన సత్రంలో బిడ్డను కంటుంది. అత్తవారికి బుద్ధి వచ్చి పరిగెత్తుకొస్తారు. బిడ్డను ఉయ్యాల్లో వేస్తారు, బిడ్డ కేరుమంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి నవ్వుతారు. అక్కడ ఆ రీలు అయిపోతుంది. తర్వాత వచ్చే ఆఖరి రీలులో ఆవిడ చచ్చిపోతుంది. ఎందుకు చచ్చిపోతుందో కథలో కారణం లేదు. ఆ రోజుల్లో సినిమాల్లో ఆడవాళ్ళు కారణం లేకుండానే చచ్చిపోయేవారు.

పెట్టెలు రాగానే ముందు చివరి రీలు ఆడించి చూసుకోవడం గోవిందరాజు పద్ధతి, ఎందుకంటే గీతలూ తెంపులూ ఎక్కువగా దానికే ఉంటాయి. ఆ రోజూ చూశాడు. అప్పటికి నారాయణమ్మకు ఏడో నెల, తొలి కాన్పు. గేటు దగ్గర పీట మీద కూర్చుని టిక్కెట్లు చింపుతోంది. గోవిందరాజు ఆ చివరి రీలు తీసి పెట్టెలో పెట్టి మూత బిగించాడు. ఆట వేళకే మొదలైంది, అయినా దత్తబాబుతో ఆలస్యమైందని చెప్పాడు. అయితే ఉయ్యాల దగ్గర ఉన్నపళంగా ఆపేస్తే జనం అనుమానిస్తారు. అందుకని గదిలో పడి ఉన్న ఏదో పౌరాణికం ముక్కలోంచి 'శుభం' పడే ఫిల్ము కత్తిరించి ఉయ్యాల రీలు చివర అతికించాడు. కథ నలుపు తెలుపు, శుభం మాత్రం రంగుల్లో, తామరపువ్వూ శంఖంతో సహా. ఇదేమిటని ఒక్కరు కూడా అడగలేదు. అంత సంతోషంలో కాస్త రంగు రావడం సహజమే అనుకున్నారేమో.

నారాయణమ్మకు సుఖంగా ఆడపిల్ల పుట్టింది, ఇంద్రజ అని పేరు పెట్టుకున్నారు. మా లైన్లకు అంతమాత్రం చాలు. అంత కష్టపడి కని, తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్న బొమ్మ అది, కడుపుతో ఉండి చూస్తే మంచిది అని ఎవరో అన్నారు. మరుసటి ఏడు ఆడవాళ్ళు వెళ్ళి దత్తబాబును అడిగి మరీ ఆ సినిమా తెప్పించారు. అప్పటినుంచి ఏటా మాఘమాసంలో అది వచ్చేది, ఏటా గోవిందరాజు చివరి రీలు ఆపి ఆ శుభం అతికించేవాడు, పెట్టె బండెక్కే ముందు ఊడదీసి దాచుకునేవాడు. ఏడో నెల వచ్చినవాళ్ళను ముందు బెంచీలో కూర్చోబెట్టేవారు. చేతినిండా గాజులు, తలనిండా పూలు. పేరంటానికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్ళి బొట్టుపెట్టి పిలిచేవారు. శుభం పడ్డాక నారాయణమ్మ గేటు దగ్గర చలిమిడి పంచేది. మా అమ్మ మా తమ్ముడప్పుడు ఆ బెంచీలో కూర్చుంది. కడుపు నిలవడం కోసం ఏడిపించే సినిమాకు వెళ్ళే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

మా లైన్లలో పిల్లలం బెంగాలీ బళ్ళల్లో చదివాం. చాలామందికి చదవడం వచ్చిన తెలుగు మాట ఒక్కటే, శుభం. ఆ అక్షరాలు కనబడగానే బెంచీ కింద చెప్పులు వెతుక్కోవాలని తెలుసు. మా నాన్న పట్టుబట్టి ఇంట్లో నేర్పబట్టి నాకు మిగతా మాటలు కూడా వచ్చాయి. ఆ ధైర్యంతోనే పై చదువుకు విశాఖపట్నం వెళ్ళాను, వెళ్ళి పరువు పోగొట్టుకున్నాను.

హాస్టల్లో ఒకసారి ఎవరో ఆ సినిమా మాట ఎత్తారు. ఆవిడ చచ్చిపోయే సీనులో ఎంత ఏడ్చామో అన్నారు. ఆవిడ చచ్చిపోదు అన్నాను. అందరూ నావైపు చూశారు. ఊరుకోవచ్చు కదా, పందెం కట్టాను. చివర్లో రంగుల్లో శుభం కూడా పడుతుంది, తామరపువ్వు ఉంటుంది, అని వివరాలు ఇచ్చాను. వాళ్ళు ఎక్కడినుంచో వీడియో క్యాసెట్టు తెచ్చి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడ చచ్చిపోయింది. తీరిగ్గా, పాట పాడి మరీ చచ్చిపోయింది. ఆ ఏడాదంతా నన్ను 'రంగుల శుభం' అని పిలిచారు.

సెలవులకు ఇంటికి రాగానే పెట్టె కింద పెట్టి నేరుగా చంద్రిమ మెట్లెక్కాను. గోవిందరాజు మెషీనులో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు మారుస్తున్నాడు.

"ఏటి పాపా, ఎప్పుడొచ్చినావు?" అన్నాడు.

"ఆవిడ చచ్చిపోతుంది, బాబాయ్."

"ఎవులు?"

"ఉయ్యాల బొమ్మలో ఆవిడ. నాకంతా తెలిసిపోయింది."

ఆయన కడ్డీ బిగించి, చేతులు తుడుచుకుని, చిన్న కిటికీలోంచి తెర వైపు ఒకసారి చూశాడు. "బతికితే నీకేటి నట్టం?" అన్నాడు.

"అబద్ధం కదా."

"సినిమాయే అబద్దం కదేటి. అందల నాను సేసిన అబద్దం ఎంత?" అని, మళ్ళీ మెషీను వైపు తిరిగి, "మాఘమాసంలో మీ వదిన వస్తాది ముందు బెంచీకి. పోయి సెప్పు మరి" అన్నాడు.

మా వదినకు అప్పుడు మూడో నెల. మెట్లు దిగి ఇంటికి వెళ్ళి ఎవరికీ చెప్పకుండా అన్నం తిన్నాను. కోపం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత చంద్రిమ నెమ్మదిగా చెడింది. ముందు టీవీ వచ్చింది, తర్వాత కేబుల్. రేవులో మనుషులు మోసే పనులు క్రేన్లకు పోయాయి, చాలా కుటుంబాలు ఊళ్ళకు వెళ్ళిపోయాయి. ఆదివారం తెలుగు ఆట నెలకు ఒకటై, చివరికి ఏడాదికి ఒక్క ఉయ్యాల బొమ్మ మిగిలింది. ఖరగ్‌పూర్‌లో పంపిణీ ఆఫీసు మూసేసినప్పుడు ఆ ప్రింటు చంద్రిమలోనే ఉండిపోయింది, చివరి రీలు మాత్రం ఖరగ్‌పూర్‌లోనే ఎక్కడో పోయింది. గోవిందరాజు ఆ సంగతి శుభవార్తలాగా చెప్పాడు. మిగతా రోజుల్లో వేసవి మధ్యాహ్నాలు ఫ్యాను కింద నిద్రపోవడానికి మాత్రమే జనం వచ్చేవారు. మంచి నిద్ర పట్టే సినిమాలు వేయమని కూడా అడిగేవారు.

కొన్నాళ్ళకు డిజిటల్ వచ్చింది. ఒక నల్ల పెట్టె, ఒక మీట. నొక్కితే సినిమా మొదలవుతుంది, దానంతటదే అయిపోతుంది. పాత మెషీన్లు ఇనుప సామాన్ల వాడికి వెళ్ళాయి, ప్రింటు పాతబడి పుల్లటి వాసనేసి ముక్కలై చెత్తలోకి వెళ్ళింది. గోవిందరాజు చేతికి ఒక టార్చిలైటు ఇచ్చి కిందికి దింపారు. అంతకాలం జనం తలల వెనక నుంచి సినిమా చూపించినవాడు జనానికి సీట్లు చూపించడం మొదలుపెట్టాడు. తల మాత్రం పక్కకు వంచే ఉంచాడు, వినడానికి చప్పుడేమీ లేకపోయినా. లాక్‌డౌన్ తర్వాత హాలు పేరుకే తెరిచారు. పోయిన శీతాకాలం దత్తబాబు దాన్ని ఒక బిల్డరుకు అమ్మేశాడు. అక్కడ ఫ్లాట్లు వస్తాయి, కింద బట్టల షాపు వస్తుంది.

ఈ కబురు మా తెలుగు సంఘానికి చేరింది. సంఘానికి సెక్రటరీ రఘురాం గారు, తెనాలి వైపు మనిషి, బ్యాంకులో ఆఫీసరు, ఇక్కడికి బదిలీ మీద వచ్చారు. మంచివారే. ఏ పని తలపెట్టినా పూర్తిగా చేస్తారు, చిక్కంతా అక్కడే. నేను బడిలో పంతులమ్మను, తెలుగు రాయడం వచ్చు, అందుకని కమిటీలో ఉన్నాను. చంద్రిమలో చివరిసారిగా ఒక తెలుగు ఆట వేద్దామని ఆయనే అన్నారు. ఉయ్యాల బొమ్మ అని నలుగురూ అన్నారు. ఆయన చెన్నైలో ఎవరెవరినో పట్టుకుని, కొత్తగా శుభ్రం చేసిన కాపీ, అనుమతితో సహా తెప్పించేశారు.

"పూర్తి సినిమా, మేడమ్. చివరి రీలుతో సహా" అన్నారు. "ఇన్నేళ్ళకి మనవాళ్ళు మొత్తం కథ చూస్తారు. వాళ్ళకిది మనం చేసే న్యాయం."

నేను సంగతంతా చెప్పాను. ముందు బెంచీ, గాజులు, చలిమిడి, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నారు.

"నమ్మకాలను నేను గౌరవిస్తానండీ. కానీ ఒక్క సీను కూడా కోయమని వాళ్ళకి మాటిచ్చాను. ఆ కాపీ మధ్యలో ఆపడానికి కూడా కుదరదట, డిజిటల్ తాళం వేసి పంపిస్తారు. కావాలంటే గర్భిణీలు రానవసరం లేదని పాంప్లెట్లో వేద్దాం."

"ఎందుకు రావద్దన్నారని అడిగితే ఏం చెబుదాం?"

ఆయన ఆలోచించారు. "అది మీరు చెప్తే బాగుంటుంది" అన్నారు.

చెప్పాల్సిన మనిషి ఎవరో నాకు తెలుసు. భాను. గోవిందరాజు మనవరాలు, ఇంద్రజ కూతురు. సాల్ట్‌లేక్‌లో ఒక కంపెనీలో పని చేస్తుంది, మూడు భాషల్లో గలగలా మాట్లాడుతుంది, తెలుగు చదవడం రాదు. ఆ పిల్లకు తొలి కాన్పు నిలవలేదు. బొమ్మ ప్రింటు అప్పటికే పోయింది, పైగా లాక్‌డౌన్, చంద్రిమ కూడా మూసి ఉంది. బొమ్మ చూడకపోతే అలాగే అవుతుందని లైన్లలో ఎవరో నోరు జారారు, అది భాను చెవిన పడింది. ఇలాంటివి నేను నమ్మను అని అందరితో అంది. ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. డాక్టరు అంతా బాగుందంటోంది, అయినా కంటి మీద కునుకు లేదు, బిడ్డ కదిలిందా లేదా అని పొట్ట మీంచి చెయ్యి తియ్యదు. చివరి ఆట అని తెలియగానే తాతకు మొదట ఫోను చేసింది ఆ పిల్లే. ముందు బెంచీ నాది తాతా, అంది.

నేను గోవిందరాజు ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన గుమ్మంలో కూర్చుని టార్చిలైటు విప్పి బ్యాటరీలు తుడుస్తున్నాడు.

"భాను ముందర సంపీస్తారేటి ఆ మనిషిని?" అన్నాడు.

"భానును రావద్దని చెప్పు, బాబాయ్."

"ఎందుకని సెప్పాల? సెప్తే సంపీసినట్టే కదా. సూసినా అంతే, సెప్పినా అంతే."

"నారాయణమ్మ పిన్నితో చెప్పావా?"

ఆయన వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "దానికి తెల్దు. ఇన్నేళ్ళూ తెల్దు. ఇంద్రజని మోస్తన్నప్పుడు సూసిన బొమ్మ అది. ఇప్పుడు తెలిసిందంటే గుండాగిపోతాది." అలా అంటున్నప్పుడు ఆయన చేతిలో బ్యాటరీ జారి కింద పడింది. ఆ మనిషి భయపడటం నేను చూడటం అదే మొదలు, నాక్కూడా భయం వేసింది.

ఆ వారమంతా ఆయన దారులు వెతికాడు. ముందు కరెంటు సంగతి చూశాడు. మెయిను తీసేస్తే జనరేటరు దానంతటదే అందుకుంటుందని దత్తబాబు గర్వంగా చెప్పాడు. "ఎనకటికి లోడ్ షెడ్డింగ్ ఉండీది, మంచి రోజులు" అన్నాడు గోవిందరాజు నాతో. తర్వాత తెర ముందు వేలాడే పెద్ద పరదా గుర్తొచ్చింది. దాన్ని ఎప్పుడో పెళ్ళి పందిళ్ళ వాడికి ఇచ్చేశారు. ప్రొజెక్టరు వెలుగుకు చెయ్యి అడ్డం పెడితే ఎలా ఉంటుందని ఒక పూట ఆలోచించాడు. చివరికి ఒకటి తేలింది. పక్క తలుపులు తూర్పు వైపు ఉన్నాయి. పొద్దున్న ఆట. బిడ్డ కేరుమనగానే అన్ని తలుపులూ ఒక్కసారి తెరిస్తే ఎండ నేరుగా తెర మీద పడుతుంది, ఎంత కొత్త కాపీ అయినా తెల్లగా అయిపోతుంది. అది విని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన వెళ్ళి తలుపుల బందులకు నూనె కూడా రాసి వచ్చాడు.

ఆదివారం హాలు నిండింది. టికియాపారా నుంచి, మెటియాబ్రుజ్ నుంచి, ఎక్కడో శివార్లకు వెళ్ళిపోయిన పాతవాళ్ళందరూ వచ్చారు. న్యూటౌన్‌లో కంపెనీ ఉద్యోగాలు చేసే హైదరాబాద్ పిల్లలు కొందరు ఇదేదో వింతగా ఉందని వచ్చారు. రఘురాం గారు తెర ముందు కొబ్బరికాయ కొట్టి, కళాఖండం అనే మాట మూడుసార్లు వాడి మాట్లాడారు. ముందు బెంచీలో భాను, ఇంకో ఇద్దరు ఏడో నెలవాళ్ళు. చింపడానికి టిక్కెట్లు లేకపోయినా నారాయణమ్మ తన పీట ఇంటినుంచి తెచ్చుకుని ఆడవాళ్ళ గేటు దగ్గర కూర్చుంది. పక్కన చలిమిడి గిన్నె. నేను భాను వెనక కూర్చున్నాను.

సినిమా మొదలైంది. కొత్త కాపీలో అన్నీ కనబడుతున్నాయి, అత్తగారి ముక్కుపుడక కూడా. ఆడవాళ్ళు డైలాగులు తెర మీద కోడలికన్నా ముందే అంటున్నారు. గెంటేసే సీనులో తిట్టాల్సిన చోట తిట్టారు, పాము వచ్చినప్పుడు కాళ్ళు పైకి తీసుకున్నారు. భాను ఒక చేత్తో బెంచీ, ఒక చేత్తో పొట్ట పట్టుకుని చూస్తోంది.

ఆవిడ ఏరు దాటుతుండగా చీకట్లో గోవిందరాజు నా పక్కకు వచ్చి వంగాడు.

"తలుపులకి తాళాలేసీసినారు, పాపా. బిల్డరోలు నిన్న గొలుసులేసి పోనారంట. తాళంచెవి లేదు" అన్నాడు.

ఆయన నడవా మధ్యలో అలాగే నిలబడ్డాడు. టార్చిలైటు ఆరిపోయి ఉంది. తెర మీద సత్రం వచ్చింది, వాన వచ్చింది, బిడ్డ వచ్చింది. అత్తవారు పరిగెత్తుకొచ్చారు. ఉయ్యాల ఊగింది, బిడ్డ కేరుమంది, అందరూ ఒక్కసారి నవ్వారు. హాలులో ఆడవాళ్ళు అలవాటు ప్రకారం వంగి చెప్పులు వెతుక్కుంటున్నారు.

శుభం పడలేదు. తెర నల్లగా అయింది, ఒక దీపం కనబడింది. దీపం పక్కన ఆవిడ పడుకుని ఉంది. గాలికి దీపం రెపరెపలాడింది, ఆవిడ దగ్గింది.

సగం లేచినవాళ్ళు సగంలోనే ఆగిపోయారు. ఒకరిద్దరు మళ్ళీ కూర్చోబోయారు. భాను తెర వైపు చూసింది, తర్వాత గేటు వైపు తిరిగింది.

"అమ్మమ్మా, శుభం పడలేదేటి?" అంది. ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

నారాయణమ్మ పీట మీంచి లేచింది. కోడళ్ళను అత్తల పక్కనుంచి లేపే రోజుల నాటి గొంతుతో, హాలంతా వినబడేలా అంది.

"శుభం. పడ్డాది, నాను సూసినాను. లెగండి, ఖరగ్‌పూర్ బండికి టైమైపోనాది."

ఖరగ్‌పూర్ బండికి వెళ్ళాల్సిన పెట్టె ఏదీ లేదు. అయినా ఆడవాళ్ళందరూ లేచారు. పెద్దవాళ్ళు కొందరు శుభం, శుభం అని పైకే అన్నారు. పిల్లల్ని చంకనేసుకుని, సంచులు సర్దుకుని, తెరకు వీపు పెట్టి వరసగా గేటు వైపు నడిచారు. నారాయణమ్మ వచ్చి భాను భుజం చుట్టూ చెయ్యి వేసి ఇటు తిప్పుకుంది. "ఎనక్కి సూడకు. అయిపోనాది" అంది. ఆ చివరి రీలు చంద్రిమలో కూర్చుని చూసి తీరాలని నాకు ఏనాటినుంచో పంతం. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా నేనూ లేచిపోయాను. మగవాళ్ళు ఎవరి ఆడవాళ్ళ వెనక వాళ్ళు వచ్చేశారు. హైదరాబాద్ పిల్లలు కూడా అందరూ వెళ్తున్నారు కదా అని వచ్చేశారు. లోపల రఘురాం గారూ, కమిటీ వాళ్ళు కొందరూ మిగిలారు.

బయట ఎండలో భాను చలిమిడి తింది. రెండోసారి అడిగి పెట్టించుకుంది. లోపల్నుంచి పాట సన్నగా వినబడుతోంది. గోవిందరాజు వచ్చి గేటు దగ్గరగా వేశాడు. వేసి, భార్య వైపు చూశాడు.

"నీకెలగ తెలుసు?" అన్నాడు.

"పెళ్ళికి ముందల పలాస టూరింగు టాకీసులో సూసినాను. ఏడిసి ఏడిసి జొరం తెచ్చుకున్నాను."

"మరి ఇన్నేళ్ళు సెప్పలేదేటి?"

"నువ్వు సెప్పినావేటి?" అంది నారాయణమ్మ, గిన్నె అంచుకు అంటిన చలిమిడి గీకుతూ. "ఆయేల ఇంద్రజ కడుపులో ఉంది. ఆ బొమ్మే అని తెలిసి పీట మీద బిగదీసుకుని కూకున్నాను. శుభం పడ్డాది, అదీ రంగుల్లో. ఇది ఎవులి పనో అప్పుడే తెలిసిపోనాది. ఈడి కాడైతే పర్వాలేదు, బతుకుతాను అనుకున్నాను."

గోవిందరాజు తల నిటారుగా పెట్టి ఆవిడను చూశాడు. ఆయన మెడ అలా తిన్నగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది, చలిమిడి నమలడం వల్ల బయటపడలేదు.

కాసేపటికి గేటు తోసుకుని రఘురాం గారు వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో జేబురుమాలు. చుట్టూ నవ్వుతూ మాట్లాడుకుంటున్న జనాన్ని చూసి కాస్త తికమక పడ్డారు.

"అందరూ వచ్చేశారేంటండీ. ఆవిడ చనిపోయింది" అన్నారు గోవిందరాజుతో.

"మీ కాడ పోనాదేమో బాబూ," అన్నాడు గోవిందరాజు. "మా కాడ బతికే ఉంది."

రఘురాం గారు భాను వైపు చూశారు. ఆ పిల్ల పొట్ట మీంచి చెయ్యి తీసి, రెండు చేతులతో గాజులు సర్దుకుంటోంది. ఆయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. నారాయణమ్మ ఆయన చేతిలో చలిమిడి పెట్టింది.